బాగున్నామన్న మాట

రెండువేల పదకొండవ సంవత్సరం, నవంబరు పద్నాలుగో తేదీ, సోమవారం, ఉదయం పదిన్నర గంటలు. ముందురోజు సాయంకాలం పట్టిన సన్నని వాన ఇంకా వదలలేదు. మా భవనపు మెట్లమీద ఎవరెవరి చెప్పులనుంచో కారిన నీరు మడుగులు కట్టి ఉన్నది. అటువంటి వేళ రెండో అంతస్తు మలుపులో ఒక కుట్టుమిషను అడ్డంగా ఇరుక్కొని, పైకి పోక, కిందికి రాక, నా దారి మూసివేసింది. దానికి పైమెట్టున ఒక పురుషుడు, కింది మెట్టున ఒక స్త్రీ. ఆయనకు యాభై ఏండ్లు దాటి ఉంటాయి. ఆమెకు ఇంకా నిండలేదు. నా చంకలోని తెలుగు పత్రికను చూసి ఆమె ముఖం కొంత తేటపడింది.

"కొంచెం ఆగండి బాబాయిగారూ. ఇది అలిగిన అల్లుడి బాపతు. బతిమాలితే గాని కదలదు," అన్నది.

"నా వంక చూసి అంటావేమిటి?" అన్నాడు పైనున్నాయన.

"మిమ్మల్ని కాదు లెండి. మీరు అలిగినా మోసుకెళ్ళక్కర్లేదు."

నేనొక కాలు పట్టాను. మూడో అంతస్తులో నా వాటాకు ఎదురుగా ఉన్న రెండు గదుల్లో ఆ మిషను దిగింది. కిటికీ కింద, వెలుతురు నేరుగా సూదిమీద పడే చోట దానిని నిలిపి, ఆమె అరచేతితో బల్లను తుడిచి, "ఇక ఇల్లు సర్దినట్టే," అన్నది. తక్కిన సామానంతా ఇంకా వీధిలో తడుస్తూనే ఉన్నది.

భర్త పెద్ద పెద్ద భవనాలలో గదులను చల్లబరిచే యంత్రాలను బాగుచేసే పనివాడు. మా భవనంలోని తెలుగువారందరూ అతనిని ఏసీ మేస్త్రి అనేవారు. ఒకే కంపెనీలో జుట్టు నెరసేదాకా పనిచేశాడు. ఆ కంపెనీ మరమ్మతుల విభాగాన్ని ఎత్తివేసినప్పుడు అతని ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చిన ఇల్లు పోయింది. ఇంటితోపాటు, ఉన్నన్నాళ్లూ ఎవరూ తలచుకోని మరొకటి కూడా పోయింది: ఆస్పత్రిలో చూపితే వైద్యం జరిగే ఒక చిన్న కార్డు. నాటినుంచి అతడు పనిముట్ల సంచి భుజాన వేసుకొని సొంతంగా తిరుగుతున్నాడు. ఫోను మోగితే పని, మోగకపోతే సెలవు.

భార్యను టైలరమ్మ అనేవారు. కుట్టడం అందరూ కుడతారు. ఆమె పని చినిగినదానిని చినగనట్టు చేయడం. ఆఫీసులకు పోయేవారు మోచేతుల వద్ద చీకిన కోట్లు తెచ్చి ఇచ్చేవారు. ఆమె అదే కోటు లోపలి మడతనుంచి దారపుపోగులు లాగి, చిరుగుమీద నిలువునా అడ్డంగా అల్లి, చేతితో తడిమినా చోటు తెలియకుండా చేసేది. మేస్త్రి ఫోను మోగని నెలలలో ఆ యింటి పొయ్యి ఆమె కంటిచూపుమీదనే వెలిగేది. నేను చెప్పబోయేదంతా ఆ కంటిచూపును గురించే.

ఆమెకు కొన్నేండ్లుగా మధుమేహం ఉన్నది. ఆ పేరు ఆమె నోట నేను చాలాకాలం వినలేదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారనీ, మనిషి నోట ఏ మాట వస్తే దానికి వారు తథాస్తు అంటారనీ, కనుక రోగాన్ని పేరుపెట్టి పిలవరాదనీ ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. మాత్రలను గుండీల డబ్బాలో గుండీల నడుమ దాచుకొనేది. మందు వేసుకొన్నావా అని అడగవలసివస్తే మేస్త్రి, "గుండీ పెట్టుకున్నావా?" అని అడిగేవాడు. "పెట్టుకున్నా," అనేది. ఎవరు కుశలమడిగినా, "చల్లగా ఉన్నాం," అనేది. జ్వరంలోనూ అదే మాట.

మేమంతా బతుకుతెరువుకు వచ్చిన ఆ పరాయి దేశంలో ఆరోగ్యబీమా లేనివారి వీసాను పొడిగించరు. మేస్త్రి వీసా గడువు ఫిబ్రవరితో తీరుతుంది. సొంతపని చేసుకొనేవాడు సొంతంగానే బీమా కొనుక్కోవాలి. ఆ ఊరి భాషలో మేస్త్రికి పనిముట్ల పేర్లూ, అంతస్తుల సంఖ్యలూ తప్ప మరేమీ రావు. కలప డిపోలో లెక్కలు వ్రాసి విశ్రమించిన నాకు ఆ భాషా, తీరికా రెండూ ఉండటంచేత, నన్ను తోడు తీసుకొని వెళ్లారు.

మొదట పెద్దవీధిలోని బీమా కార్యాలయానికి వెళ్లాము. గాజుపలకకు అవతల ఒక కళ్లద్దాలావిడ కూర్చొని ఉన్నది. నవ్వలేదు, కసురుకోనూ లేదు. వరుసగా ప్రశ్నలు అడగసాగింది. ఏ వ్యాధి ఉన్నది, ఎన్నాళ్లనుంచి, ఏ మందు, తల్లి ఏ జబ్బుతో పోయింది, తండ్రి దేనితో పోయాడు, కాన్పులు ఎన్ని, నిలిచినవి ఎన్ని. నేను తెలుగులో అడిగిన ప్రతి ప్రశ్నకూ టైలరమ్మ తల మరికొంత వంచుకొన్నది. చివరి ప్రశ్నకు చెంగుతో మూతి కప్పుకొన్నది. బరువు తూచే యంత్రం ఎక్కమన్నప్పుడు భర్తవైపు చూసింది. చివరకు మేస్త్రియే, చేయి తిప్పుతూ, "కొంచెం తీపి ఉందని చెప్పండి బాబాయిగారూ. కొంచెమే," అన్నాడు. నేను చెప్పాను. కళ్లద్దాలావిడ వ్రాసుకొని, ధర చెప్పి, మరొక మాట కూడా చెప్పింది: ఇదివరకే ఉన్న వ్యాధికీ, దానినుంచి పుట్టే వ్యాధులకూ తొలి ఏడాది వారు ఏమీ ఇవ్వరు, ఏడాది నిండిన మరునాటినుంచి అన్నీ ఇస్తారు.

మేము వీధిలోకి వచ్చాము.

"పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా ఇన్ని అడగలేదు," అన్నది టైలరమ్మ.

"డబ్బూ మనదే, రోగమూ మనదే. ఇక మధ్యన ఆవిడదేముంది?" అన్నాడు మేస్త్రి. "ఏడాదిపాటు ఊరికే కట్టాలంట. పైగా ధర చూశారా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది."

"చెప్పినట్టు చేసే మనిషిలాగానే ఉన్నది," అన్నాను నేను.

"మనిషి సంగతి వదలండి. అన్ని ఆరా తీసేవాళ్లు రేపు ఎగ్గొట్టడానికే ఆరా తీస్తారు. నమ్మకం ఉన్నవాడు అడుగుతాడా?"

ఆ మాటలో మనవాళ్ల నడవడి అంతా ఉన్నది. మనకు ఆప్తుడంటే అడగకుండా కాఫీ కలిపేవాడు, చెప్పకుండా అర్థం చేసుకొనేవాడు. గుచ్చి గుచ్చి అడిగేవాడు పోలీసు గాని, వియ్యపురాలు గాని అయి ఉండాలి.

అడగనివాడు మరుసటివారమే ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేండ్లవాడు. మనవాళ్లలో బీమా పాలసీలు అమ్ముకొంటూ తిరిగేవాడు. అందరినీ అక్కా, బావా అని పిలవటంచేత అందరికీ తమ్ముడయ్యాడు. వచ్చీ రాగానే చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ ఉండగా నేలమీద కూర్చొని, మిషను ముట్టి కళ్లకద్దుకొన్నాడు. కళ్లద్దాలావిడ చెప్పిన ధరలో సగానికే పాలసీ ఇస్తానన్నాడు.

"జబ్బుల గొడవ ఏమన్నా ఉంటుందా, తమ్ముడూ?" అని మేస్త్రి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఊసే వద్దు బావా. నేను చూసుకుంటా కదా. మా అమ్మకు కూడా ఇదే తీసుకున్నాను."

నేను ఆ పాలసీ పుస్తకం అడిగి పుచ్చుకొని నాలుగు పుటలు చదివాను. అక్షరాలు చీమలబారులవలె ఉన్నాయి. "ముందు వెల్లడించని వ్యాధి అని ఇక్కడేదో ఉన్నదే," అన్నాను.

"బాబాయిగారూ, పెళ్లి మంత్రాలకు అర్థం అడిగి ఎవరన్నా తాళి కడతారా?" అని అతడు నవ్వాడు. అందరూ నవ్వారు. మరి రెండు దినాలు ఆగి కనుక్కొందామని నేనన్నాను గాని, వీసా గడువు దగ్గరపడుతున్నది. టైలరమ్మ అప్పటికే అతనికి రెండోసారి టీ పోస్తున్నది. ఆ సాయంత్రమే మేస్త్రి సంతకం చేశాడు.

పది దినాల తరువాత నేను అరిగిన చొక్కా కాలరును తిరగేసి కుట్టించుకొనడానికి ఆ యింట కూర్చొని ఉండగా టైలరమ్మకు ఫోను వచ్చింది. ఆమె సూది ఆపకుండానే ఫోనును భుజానికీ చెవికీ నడుమ నొక్కిపెట్టుకొని మాట్లాడింది. అవతలి మాట నాకు వినబడలేదు. ఈవలి మాటలు ఇవి:

"ఆ, చెప్పమ్మా. తెలుగేనా నువ్వు? ఎంత చక్కగా మాట్లాడుతున్నావు. మాకేమమ్మా, చల్లగా ఉన్నాం. లేదు లేదు, అవేమీ లేవు. ఆయనా బాగున్నారు. నువ్వు బాగున్నావా? పెళ్లయిందా? పోనీలే, అవుతుంది. ఎప్పుడైనా ఇటు వస్తే రా, భోంచేసి వెళుదువుగాని."

ఎవరో బంధువుల పిల్ల అనుకొన్నాను. ఎవరని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాలరు తిరిగింది. ఫిబ్రవరిలో వీసా పొడిగింపు కూడా వచ్చింది. తమ్ముడు తెచ్చి ఇచ్చిన కొత్త కార్డును టైలరమ్మ గుండీల డబ్బా మూతలో అమర్చి, "ఇంక దిగులు లేదు," అన్నది.

ఆ యేడు సెప్టెంబరులో ఒకనాడు ఆమె ఒక తెల్లకోటు మీదనుంచి నల్లదారపు ముక్కను తీయబోవడం చూశాను. తీసింది, విదిలించింది, మళ్లీ తీసింది. కోటును కిటికీ బయట దులిపి తెచ్చి, మళ్లీ వ్రేళ్లతో ఏరసాగింది. ఆ కోటుమీద దారమేమీ లేదు.

"కనబడటం లేదా బాబాయిగారూ? ఇదిగో, ఇటు చూస్తే ఇటు పాకుతోంది," అన్నది. కొంతసేపటికి కోటును మడిచి పక్కన పెట్టింది. దారం కోటుమీద లేదనీ, కంటిలో ఉన్నదనీ ఆమెకు ఆ నిమిషానే తెలిసి ఉంటుంది. అయినను నోట ఆ మాట రానీయలేదు.

కంటి డాక్టరు చూసి, షుగరువల్ల కంటి వెనుకనున్న సన్నని రక్తనాళాలు చిట్లి నెత్తురు కారుతున్నదనీ, ఎడమ కంటికి వెంటనే ఆపరేషను చేయాలనీ, కుడికంటికి లేజరు పెట్టాలనీ, నెలలు గడిపితే రెండూ దక్కవనీ చెప్పాడు. నేను ఒక్కొక్క మాటా తెలుగు చేశాను. ఆస్పత్రివారు బీమా కార్డు పుచ్చుకొని కంపెనీకి వ్రాశారు. ఆ వారంలోనే జవాబు వచ్చింది: వ్యాధి పాలసీకి పూర్వమే ఉన్నది; దానిని దాచి పాలసీ పొందారు; కనుక ఏమీ ఇవ్వము.

మేము ముగ్గురమూ తమ్ముడి కార్యాలయానికి వెళ్లాము. ఒక ఫోన్ల దుకాణం వెనుక, కిటికీ లేని గది. ఫ్యాను తిరుగుతున్నది గాని గాలి లేదు. తమ్ముడు మమ్మల్ని చూసి లేచి నిలుచున్నాడు. అక్కా అన్నాడు, బావా అన్నాడు, ఆ తరువాత కంప్యూటరువైపు తిరిగాడు.

"మేం దాచామంటున్నారు. నువ్వేగా ఆ ఊసే వద్దన్నావు?" అన్నాడు మేస్త్రి. కోపానికి కావలసిన ఓపిక అతని గొంతులో లేదు.

"నేనన్నది కాగితం సంగతి బావా. తరవాత హెడ్డాఫీసు నుంచి అక్కకు ఫోను చేశారు. అక్కడ అక్క చెప్పిందే లెక్క. వాళ్లు నాకు పంపారు. వినండి."

అతడు మీట నొక్కాడు. మొదట ఒక ఆడపిల్ల గొంతు, ఈ సంభాషణ రికార్డు అవుతున్నదని గడగడ చదివివేసింది. మీకు గాని, మీవారికి గాని షుగరు, రక్తపోటు, గుండెజబ్బు వంటివి ఏమైనా ఉన్నాయా అండీ అని అడిగింది. తరువాత ఆ కిటికీ లేని గదిలోకి టైలరమ్మ గొంతు వచ్చింది. ఉదయపు వెలుతురులో సూది నడిపేటప్పటి నిశ్చింత ఆ గొంతులో ఉన్నది. మాకేమమ్మా, చల్లగా ఉన్నాం. లేదు లేదు, అవేమీ లేవు. నువ్వు బాగున్నావా? పెళ్లయిందా? ఎప్పుడైనా ఇటు వస్తే రా, భోంచేసి వెళుదువుగాని.

టైలరమ్మ తన గొంతును పరాయివారి మాట విన్నట్టు విన్నది. అయిపోయిన తరువాత మెల్లగా, "బాగున్నారా అని ఆడపిల్ల అడిగితే, లేదమ్మా, నాకు ఫలానా రోగమని ఎవరైనా అంటారా, తమ్ముడూ?" అన్నది.

"అనరక్కా."

"మరి ఆ అమ్మాయి తెలుగుపిల్లే కదా. ఆమెకు తెలియదా?"

తమ్ముడు కంప్యూటరు ఆపివేశాడు. "మా అమ్మకూ ఇలాగే ఫోను వచ్చింది. పక్కనుండి నేనే చెప్పించాను, ఏమీ లేవని. ఆమెకు గుండె," అన్నాడు. అతడు మోసగాడా అని నన్ను తరువాత చాలామంది అడిగారు. కన్నతల్లికి అమ్మినదానినే వీరికీ అమ్మాడు. అంతకుమించి నాకు తెలియదు.

తిరిగి వస్తూ బస్సులో మేస్త్రి నాతో, "అక్కడికే పోదాం బాబాయిగారూ. ఆ గాజుపలకావిడ దగ్గరకి," అన్నాడు.

"ఇప్పుడు కొన్నా ఈ ఆపరేషనుకు ఇవ్వరు. మళ్లీ ఏడాది ఆగాలి."

"తెలుసు. ఆ రోజే తీసుకుని ఉంటే ఆ ఏడాది ఇప్పుడు తీరబోతూ ఉండేది. అదీ తెలుసు." కిటికీ వైపు తిరిగి, "ఒక కన్ను పోయినా ఇంకొకటి ఉంటుంది కదా. దానికి రేపు ఏదన్నా వస్తే?" అన్నాడు.

కళ్లద్దాలావిడ అదే కుర్చీలో ఉన్నది. మమ్మల్ని గుర్తుపట్టిందో లేదో తెలియదు. అవే ప్రశ్నలు, అదే వరుసలో అడిగింది. ఈసారి టైలరమ్మ తల వంచుకొనలేదు. కుర్చీని గాజుపలక దగ్గరకు జరుపుకొని, నన్ను చూడకుండా ఆవిడనే చూస్తూ, ఆవిడకు తెలియని తెలుగులో చెప్పసాగింది. నేను వెనుకనుంచి భాష మారుస్తూ వచ్చాను.

"షుగరు. షుగరే అని రాయమనండి బాబాయిగారూ, తీపి కాదు. మా అమ్మ దానితోనే పోయింది; కాలు తీసేశారు. కాన్పులు రెండు, ఒకటి ఏడో నెలలో పోయింది, ఒకటి పుట్టి పోయింది. ఎడమ కంట్లో నెత్తురు. కుడికంట్లో మొదలయింది. పాదాలు తిమ్మిరి. తిమ్మిరి కూడా కాదు, అసలు అక్కడ పాదాలున్నట్టు ఉండదు. మొన్న వేసవిలో సూది కింద పడితే తొక్కాను. గుచ్చుకున్నట్టే తెలియలేదు. సాయంత్రం గచ్చు మీద నెత్తురు అడుగులు చూసి, ఎవరివా అని వెతుక్కుంటూ వెళితే నావే."

మేస్త్రి భార్యవైపు తిరిగాడు. "నాకు చెప్పలేదే."

"మీరు అడగందే?"

"రోజూ బాగున్నావా అని అడుగుతూనే ఉన్నాగా."

"అందుకే బాగున్నానన్నా," అన్నది ఆమె.

వారేమి అనుకొంటున్నారని కళ్లద్దాలావిడ నన్ను అడిగింది. ఇంటివిషయమని చెప్పాను. ఆవిడ కలం ఆపి, "పాదాలకు మొద్దుబారడం ఎప్పటినుంచి?" అని అడిగింది. టైలరమ్మ చెప్పింది. చెప్పవలసినదంతా అయిన తరువాత మేస్త్రితో, "తథాస్తు దేవతలు విన్నారేమోనండీ," అన్నది.

"విననీ. ఇన్నాళ్లూ చల్లగా ఉన్నామంటే విన్నారా?" అన్నాడు అతడు.

బరువు తూచే యంత్రాన్ని ఆమె ఎవరూ చెప్పకముందే ఎక్కింది. పాలసీ చేతికి వచ్చిన తరువాత ఆవిడ ఒక పుటలో రెండు చోట్ల పెన్సిలుతో గీటు పెట్టి, ఏయే వైద్యం ఏ తేదీనుంచి వర్తిస్తుందో నాచేత చదివించి, వారికి అర్థమయ్యేదాకా మమ్మల్ని కదలనీయలేదు. మా వెనుక మరి నలుగురు నిలబడి ఉన్నారు.

ఆ తరువాతి సంగతులు చెప్పి ముగిస్తాను.

మేస్త్రి ఏసీలలో గ్యాసు నింపే తన యంత్రాన్ని అమ్మివేశాడు. ఆ సొమ్ము ఒక కంటి ఖర్చుకే సరిపోయింది. డాక్టరు సలహామీద దానిని మిగిలే అవకాశమున్న కుడికంటికే వినియోగించారు. ఎడమ కంటికి ప్రభుత్వ ఆస్పత్రిలో పేరు వ్రాయించారు. వంతు వచ్చేసరికి ఆలస్యమయింది. ఆ కంటికి ఇప్పుడు కిటికీ ఎటున్నదో మాత్రం తెలుస్తుంది. కుడికన్ను నిలిచింది. ఏడాది నిండిన తరువాత దానికి మళ్లీ లేజరు అవసరమయింది. కొత్త బీమావారు బిల్లు పూర్తిగా చెల్లించారు. మేస్త్రి ఇప్పుడు మరొకరి దగ్గర కూలికి పనిచేస్తున్నాడు. వీసా పొడిగించినప్పుడల్లా పాలసీ కూడా పొడిగిస్తున్నారు. ఒక సంవత్సరం మానితే మళ్లీ మొదటినుంచి లెక్క కనుక మానలేదు. తమ్ముడు బీమా పని విడిచి, ముందున్న ఫోన్ల దుకాణంలోనే కూర్చుంటున్నాడు. అతని తల్లి క్షేమంగా ఉన్నదని విన్నాను. కళ్లద్దాలావిడకు మరొక ఊరికి బదిలీ అయింది.

టైలరమ్మ చిరుగుల పని మానివేసింది. నల్లబట్ట ముట్టదు. అంచులు మడవడం, గుండీలు కుట్టడం చేస్తున్నది. పొద్దున పనికి పోయేముందు మేస్త్రి ఆమె పాదాలను వెలుతురుకు తిప్పి చూసి, ఆనాటికి కావలసినన్ని సూదులకు దారం ఎక్కించి కిటికీ గడపనున్న బట్ట ఉండలో గుచ్చి పోతాడు. సాయంత్రానికి అవన్నీ ఖాళీ అవుతాయి. ఒకటి తక్కువైతే, అది దొరికేదాకా ఇద్దరూ నేల వెతుకుతారు.